స్వాలోఫీల్డు భవనము – దాని యజమానులు

(సంఘపు సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ కార్యదర్శిగారు ఏదైన ఒక చారిత్రక విషయమును గూర్చి అరగంటసేపు మాటాడవలసినదని నన్ను కోరినప్పుడు నేను స్వాలోఫీల్డు అని చెప్పితిని. వారు క్షణకాలము నావంక చూచి, "అది ఏ జిల్లాలో ఉన్నదండీ?" అని అడిగిరి. ఇంగ్లండులోనని చెప్పగా వారి ముఖము కొంచెము వాడినది. శాతవాహనులుండగా, కాకతీయులుండగా, రాయలవారుండగా పరాయివారి ఇంటిగొడవ మనకేల యని వారు పైకి అనలేదు కాని, ఆ భావము నాకందినది. అందుచేత ముందుగనే ఒక్కమాట మనవి చేసికొందును. ఈ ఇంటి కథలోనికి కృష్ణయు మూసియు రెండును వచ్చును. అవి వచ్చువరకు ఓపిక పట్టవలెనని నా ప్రార్థన.

1901వ సంవత్సరమున కాన్‌స్టన్స్ రస్సెల్ అను ఒక దొరసాని తాను మెట్టిన ఇంటి చరిత్రను పెద్ద గ్రంథముగా వ్రాసి ప్రకటించెను. 'స్వాలోఫీల్డు – దాని యజమానులు' అని దాని పేరు. నా ప్రసంగమునకు పేరును అచ్చటినుండియే తెచ్చుకొన్నాను. ఒక ఇంటికి చరిత్ర వ్రాయుట యనునది నాకు మొదట వింతగా తోచినది. మనలో చాలమందిమి ప్రభుత్వపు క్వార్టర్సులలో కాపురమున్నవారము. మనకు ముందు ఆ ఇంట ఎవరుండిరో మనకు తెలియదు. గోడకు వారు కొట్టిన మేకులు, తలుపు చెక్కమీద పిల్లల ఎత్తు కొలిచి గీచిన గీతలు తప్ప వారి జ్ఞాపకమేదియు మిగులదు. బదిలీ అయి మనము వెళ్ళిన పిమ్మట మన సంగతియు అంతే. అట్టి నాకు, ఒకే ఇంటిని పట్టుకొని వందల యేండ్ల కథను చెప్పిన ఆ గ్రంథముపై మనసు పోవుటలో ఆశ్చర్యము లేదు. కాని ఆ కథలోనికి పోయినకొలదియు నాకొక ప్రశ్న పుట్టినది. ఇంటికి యజమానులనగా ఎవరు? దస్తావేజులో పేరున్నవారు మాత్రమేనా? ఆ ప్రశ్నయే నన్నీ వేదిక యెక్కించినది.

లండను మహానగరమునకు పడమట బెర్క్‌షైర్ అను మండలము కలదు. అందు రెడింగ్ పట్టణమునకు దక్షిణముగా కొద్ది మైళ్ళ దూరమున స్వాలోఫీల్డు గ్రామమున్నది. లాడన్, బ్లాక్‌వాటర్ అను రెండు నదులు ఆ ప్రాంతమున కలియును. నదులనగా మన కృష్ణాగోదావరులను ఊహింపకుడు. మన డెల్టాలోని ఒక పెద్ద పంటకాలువ వానికంటె వెడల్పుగా నుండును. ఆ పచ్చికబయళ్ళ నడుమ ఒక లోగిలి. ఇంగ్లండులో 'మేనర్' అనునది ఇంచుమించు మన జమీందారీ వంటిది. భూమి, దానిని దున్ను రైతులు, మర, చెరువు, చర్చి అన్నియు కలసి ఒక మేనర్. వాని నడుమ దొరవారి ఇల్లు. ఇల్లు చేతులు మారినప్పుడు దానితోపాటు ఊరి మీది పెత్తనము కూడ చేతులు మారుచుండెడిది. ఈ సంగతి గుర్తుంచుకొన్నచో, తూర్పుదేశములలో ధనమార్జించినవారు ఇంగ్లండుకు మరలిపోగానే మొట్టమొదట ఇట్టి ఇంటి కొరకు ఎందుకు వెదకెడివారో సులభముగా బోధపడును. నగలు నగలే, నాణెములు నాణెములే. వానివలన పార్లమెంటులో పలుకుబడి రావలెనన్నచో అవి ముందు భూమిగా మారవలెను.

పదునారవ శతాబ్దము చివర ఈ మేనరు బ్యాక్‌హౌస్ అను కుటుంబమువారికి వచ్చెను. ఆ వంశములో విలియం బ్యాక్‌హౌస్ అనునతడు విచిత్ర పురుషుడు. రసవాదము అతని వ్యసనము. మన వేమనను గూర్చి చెప్పుకొను కథల వంటివే ఇతనిని గూర్చియు చెప్పుకొనెడివారు. నీచలోహమును బంగారముగా మార్చు పరుసవేది రహస్యము తనకు తెలియునని అతని నమ్మకము. ఆక్స్‌ఫర్డులో నేటికిని తన పేరుతో నున్న సంగ్రహాలయమునకు మూలపురుషుడైన ఎలయాస్ ఆష్‌మోల్‌ను ఇతడు 1651లో విద్యలో తన కుమారునిగా స్వీకరించెను. రెండేండ్లకు జబ్బుచేసి, మరణము తప్పదని భయపడి, ఆ రహస్యమును శిష్యుని చెవిలో అక్షరము అక్షరముగా చెప్పెనట. ఆష్‌మోల్ తన దినచర్యలో దానిని వ్రాసికొన్నాడు. గురువుగారు తరువాత తొమ్మిదేండ్లు నిక్షేపముగా బ్రతికి 1662లో మరణించిరి. శిష్యుడు మాత్రము ఒక్క తులము బంగారమును చేసినట్లు దాఖలా లేదు.

ఈ రసవాదికి ఒక కుమార్తె. ఆమె పేరు ఫ్లవర్, అనగా పుష్పము. ఆమె ఇద్దరు భర్తలను పోగొట్టుకొని 1670లో మూడవవానిగా హెన్రీ హైడ్‌ను వివాహమాడెను. ఇతడే తరువాత క్లారెండన్ ప్రభువయ్యెను. ఇల్లు ఆమెది, బిరుదము ఆయనది. ప్రసిద్ధ దినచర్యాకారుడైన జాన్ ఈవెలిన్ 1685లో ఇచ్చటికి విందుకు వచ్చి తోటలను చూచి మురిసిపోయెను. ఒక్క తోటలోనే వేయి యాపిల్ చెట్లున్నవని, పూలమొక్కల పెంపకములో ఇంటి యిల్లాలు నేర్పరి యని వ్రాసికొన్నాడు. పేరునకు తగిన గుణమే.

ఇప్పుడు నిలిచియున్న భవనమును క్లారెండనే కట్టించెను. 1689 మొదలు 1691 వరకు పని జరిగినది. విలియం టాల్మన్ అను వాస్తుశిల్పి దానికి రూపము కల్పించెను. చాట్స్‌వర్త్ మహాభవనమునకు కొత్త ముఖము తీర్చినవాడును ఈతడే. ఐతే ఇల్లు లేచుచున్న ఆ రోజులలోనే గృహస్థు రెండుమారులు లండను కోటలో ఖైదీగా నుండవలసి వచ్చెను. కారణమేమనగా, క్లారెండన్ సోదరిని వివాహమాడిన జేమ్సు రాజు 1688లో పదవీచ్యుతుడయ్యెను. ఆ స్థానమునకు వచ్చినది క్లారెండన్ మేనకోడలే, ఆమె భర్తయే. అయినను పాత రాజునకు చేసిన ప్రమాణమును తప్పి కొత్త ప్రభుత్వమునకు విధేయత ప్రకటించుటకు ఆయన ఒప్పుకొనలేదు. మేనకోడలు మామను కోటలో పెట్టించెను. ప్రభుత్వము మారినప్పుడు ప్రమాణపత్రముమీద సంతకము చేయుటకు వెనుదీయు ఉద్యోగి ఎన్నడును అరుదే. ఆయన రాజకీయము మనకు నచ్చకపోవచ్చును గాని ఆ పట్టుదలను కాదనలేము.

క్లారెండన్ 1709లో మరణించెను. ఆ యేడే మద్రాసు సెయింట్ జార్జి కోటలో పదునొకండేండ్లు గవర్నరుగానుండిన ఒకానొకడు పదవినుండి తొలగింపబడి, ఇంటిముఖము పట్టుటకు ఓడ యెక్కుచుండెను. ఇక కృష్ణ కథ.

అతని పేరు థామస్ పిట్. మొదట ఈయన కంపెనీవారి పాలిట దొంగవ్యాపారి. తూర్పుదేశపు వర్తకముపై ఈస్టిండియా కంపెనీకి గుత్తాధిపత్యమున్న దినములలో, దానిని లెక్కచేయక సొంత ఓడలలో సరకులు తెచ్చి అమ్ముకొని, పట్టుబడి జరిమానా చెల్లించినవాడు. వీనిని బయటనుంచి పోరాడుటకంటె లోపల చేర్చుకొనుటయే మేలని కంపెనీ పెద్దలు తలచిరి కాబోలు, 1698లో వీనినే మద్రాసునకు గవర్నరుగా పంపిరి. సమర్థుడే. 1702లో నవాబు దావూదుఖాను మద్రాసును ముట్టడించినప్పుడు తొణకక నిలిచెను. కాని గవర్నరుగారి జీతము సంవత్సరమునకు కొన్ని వందల పౌనులు మాత్రమే. ఆ కాలపు గవర్నరులు జీతమునకై రాలేదు, వజ్రములకై వచ్చిరి.

వజ్రములన్నచో అప్పటికి లోకములో మనదేశమే, మనదేశములో మన కృష్ణాతీరమే. గుంటూరు సీమలోని కొల్లూరు గనులలో ఆడువారు, మగవారు, పిల్లలు కలిసి అరువదివేలమంది పనిచేయుచుండగా చూచితినని ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే వ్రాసెను. ఏటి కివతల పరిటాలలోను గనులుండెను. పిట్ చేతికి వచ్చిన వజ్రము కొల్లూరుదని కొందరు, పరిటాలదని కొందరు చెప్పుదురు. ఎటు చూచినను కృష్ణ ఒడ్డు విడిచి పోలేదు. గని కూలివాడొకడు తన కాలిపిక్కను తానే కోసికొని, ఆ గాయములో రాయి నిమిడ్చి, కట్టుకట్టుకొని, కుంటుకొనుచు రేవు చేరెననియు, సగము పాలునకు ఒప్పుకొని ఓడ యెక్కించుకొన్న ఇంగ్లీషు నావికుడు వానిని సముద్రములోనికి త్రోసి రాయిని అమ్ముకొనెననియు ఒక కథ కలదు. కథ నిజమని నేను చెప్పను. కాని గనిలో దొరకిన పెద్దరాళ్ళన్నియు ప్రభువునకు చెందవలెనను నియమముండిన చోట, నాలుగువందల పది కారట్ల రాయి బజారులోనికి వచ్చినదన్నచో, దాని వెనుక ఎవరో ఒకరి గాయముండియే తీరవలెను.

ఆ రాయిని జామ్‌చంద్ అను వర్తకుడు మద్రాసునకు తెచ్చెను. తొలుత చెప్పిన వెల రెండులక్షల వరహాలు. పలుమారులు బేరములు జరిగి, తెగి, మరల అతికి, 48,000 వరహాలకు, అనగా సుమారు 20,400 పౌనులకు, 1702 నాటికి పిట్ దానిని సొంతము చేసికొనెను. పెద్ద కుమారుడు రాబర్ట్ చేత లండనుకు పంపి చెక్కించెను. చెక్కుటకే రెండేండ్లు పట్టినది. రాయి నూటనలువది కారట్లకు దిగినది; కాని అట్టి తళుకు యూరపులో మరియొక రాతికి లేదనిరి. గవర్నరు దానిని అన్యాయముగా లాగుకొనెనని పుకారులు లేచినవి. ఇంటికి మరలిపోవుచు 1710లో నార్వేదేశపు బెర్గెన్ పట్టణమునందుండగా, తాను బేరమాడి న్యాయముగా కొన్నాననుచు, బేరములో ఏ దినమున ఎంత అడిగిరో తానెంత ఇచ్చెదనంటినో వివరించి, ప్రమాణపూర్వకముగా ఒక వాఙ్మూలము వ్రాసి పెట్టెను. దారిలో తాను మరణించినచో పిల్లలకు అపకీర్తి రాకుండవలెనని ఆయన కోరిక. ఆ వాఙ్మూలమును నేను ఒక ఉద్యోగి కండ్లతో చదివితిని. లెక్కలు సరిగానే యున్నవి. కాని మద్రాసు గవర్నరు వాకిట కూర్చుండిన వర్తకుడు ఏపాటి స్వేచ్ఛతో బేరమాడగలడో ఆ లెక్కలలో లేదు.

1717లో ఫ్రాన్సు రాజ్యపాలకుడు, ఓర్లియాన్ ప్రభువు, ఆ వజ్రమును 1,35,000 పౌనులకు కొనెను. అప్పటినుండి దాని పేరు 'రీజెంటు'. లూయీ రాజుల కిరీటమున వెలసి, విప్లవకాలమున దొంగిలింపబడి దొరకి, నెపోలియను కత్తిపిడిలో మెరసి, లూవ్ర్ సంగ్రహాలయపు సొత్తైనది. పిట్ చేతికి వచ్చిన ధనమో, భూమిగా మారినది. కార్న్‌వాల్‌లో బొకొనాక్ అను గొప్ప ఎస్టేటును కొనెను. 1719లో స్వాలోఫీల్డును కొనెను. రసవాది బ్యాక్‌హౌస్ ఏ ఇంట కూర్చుండి రాతినుండి బంగారము పిండవలెనని జీవితమంతయు కలలు కనెనో, ఆ మేనరునే డెబ్బదియేండ్లు తిరుగకముందు మన కృష్ణ ఒడ్డున దొరకిన ఒక రాయి కొనివేసినది. ఇంతకంటె పరుసవేది ఏమున్నది?

ముదుసలి గవర్నరు స్వాలోఫీల్డులో సుఖపడినట్లు కనబడదు. కోపిష్ఠి. కొడుకులమీద, కోడండ్రమీద, చివరకు భార్యమీదను లేఖలలో నిప్పులు చెరిగినవాడు. ఆయనకు నచ్చిన వాడు ఒక్కడే: రాబర్ట్ రెండవ కుమారుడు విలియం. ఈటన్ పాఠశాలనుండి మనుమలను స్వాలోఫీల్డుకు పిలిపించుకొని ముచ్చటపడెడివాడు. ఆ బాలుడే తరువాత ఇంగ్లండునకు ప్రధానియై, ఏడేండ్ల యుద్ధమును నడిపి, ఛాతమ్ ప్రభువైన పెద్ద విలియం పిట్. అతడు 1735లో మొట్టమొదట పార్లమెంటులో అడుగుపెట్టినది ఓల్డు సారమ్ అను నియోజకవర్గము తరపున. ఆ నియోజకవర్గమున ఇండ్లే లేవు. వోట్లు మాత్రము తాత కొనిపెట్టిన ఆస్తిలోనివి. తాత 1726లో స్వాలోఫీల్డులో కన్ను మూసెను. మరుసటి యేడే రాబర్ట్ కూడ పోయెను. 1737లో ఇల్లు పరుల పాలైనది. తరువాతి ఎనుబదియేండ్లలో అది చేతులు మారుచు వచ్చినది. చెప్పదగిన విశేషము లేదు.

1820లో దానిని సర్ హెన్రీ రస్సెల్ కొనెను. ఈయన కలకత్తాలో బెంగాలు సుప్రీముకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా 1807 మొదలు 1813 వరకు పనిచేసి విరమించినవాడు. ఈయన పెద్దకుమారుని పేరును హెన్రీయే. కుమారుడు 1811 మొదలు 1820 వరకు హైదరాబాదులో నిజామువారి దర్బారునందు బ్రిటిషు రెసిడెంటు. ఇక మూసీ కథ.

హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనమును మీలో చాలమంది చూచియుందురు. మహిళా కళాశాలగా అనేక తరముల ఆడపిల్లలు అందు చదివిరి. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైనది. ఆ భవనమును కట్టించినవాడు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ అను రెసిడెంటు. ఆయన హైదరాబాదు ప్రభువంశమునకు చెందిన ఖైరున్నిసా బేగమును ప్రేమించి, ఇస్లాము మతమును స్వీకరించి వివాహమాడెను. వారికి ఒక మగపిల్లవాడు, ఒక ఆడపిల్ల. 1805లో నాలుగేండ్ల కొడుకును మూడేండ్ల కూతురును చదువుకొరకు ఇంగ్లండు పంపిరి. మద్రాసులో ఓడ యెక్కకముందు జార్జి చిన్నరీ అను చిత్రకారుడు ఆ బిడ్డలను నిలువెత్తున చిత్రించెను. జలతారు అంగీలతో, రత్నాల టోపీలతో, హైదరాబాదు నవాబు బిడ్డలవలె మెట్లపై నిలిచిన ఆ పసివాండ్ర రూపములు చూచినవారికి మరపునకు రావు. వారు వెళ్ళిన కొద్దివారములకే, 1805 అక్టోబరులో, తండ్రి కలకత్తాలో జ్వరముతో మరణించెను. బేగమునకు అప్పటికి ఇరువది యేండ్లు నిండలేదు. బిడ్డలను ఆమె మరల చూడలేదు.

కర్క్‌పాట్రిక్ క్రింద పనిచేసిన యువకుడే చిన్న హెన్రీ రస్సెల్. 1806లో బేగము, ఆమె తల్లి షరఫున్నిసా, భర్త సమాధిని చూచుటకై కలకత్తా వెళ్ళినప్పుడు వారికి సహాయమై నిలిచినవాడు ఇతడు. ఆ సహాయము స్నేహమైనది. ఆ స్నేహము మరియొకటైనది. వార్త హైదరాబాదు చేరగా దివాను మీర్ ఆలం ఆమె నగరమునకు తిరిగి రాగూడదని కట్టడి చేసెను. ఆమెను ఉంచిన చోటు మచిలీపట్టణము.

ఇచ్చట నేను ఒక్కక్షణము ఆగవలెను. మాది బందరు. నా బాల్యమంతయు అచ్చటనే గడచినది. ఇంగ్లీషువారు 1611లో అచ్చట కొట్లు పెట్టిరని బడిలో చదువుకొంటిని. కోటవైపు డచ్చివారి సమాధుల నడుమ దాగుడుమూతలు ఆడుకొంటిని. కలంకారీ అద్దకపు చెక్కల చప్పుడు వింటిని. కాని ఒక బేగము ఆ ఊర సముద్రపు గాలిలో ఉత్తరముల కొరకు ఎదురుచూచుచు గడపినదని ఎన్నడును వినలేదు. నలువదేండ్లు దాటిన పిమ్మట, రాజధానిలో కూర్చుండి, ఒక ఇంగ్లీషువాని పుస్తకము వలన తెలిసికొంటిని. విలియం డాల్రింపుల్ అను చరిత్రకారుడు రస్సెల్ సోదరుల లేఖలను ఆక్స్‌ఫర్డులో శోధించి 2002లో 'వైట్ మొగల్స్' అను గ్రంథమున ఈ వృత్తాంతమును సమగ్రముగా ప్రకటించెను.

రస్సెల్ ఆమెకు వ్రాయుచునే యుండెను. వచ్చెదనని చెప్పుచునే యుండెను. 1808లో మద్రాసులో మరియొక కన్యను వివాహమాడెను. ఆ సంగతి బేగమునకు స్వయముగా చెప్పుటకు ధైర్యము చాలక తమ్మునిచేత చెప్పించెను. పెండ్లాడిన యువతి కొన్ని నెలలకే మరణించెను. మీర్ ఆలం గతించిన పిమ్మట బేగము హైదరాబాదు చేరగలిగినది. 1811లో రస్సెల్ రెసిడెంటై అదే నగరమునకు, ఆమె భర్త కట్టించిన అదే భవనమునకు దొరగా వచ్చెను. 1813 సెప్టెంబరులో, ఇరువదియేడేండ్ల వయసున, ఆమె ఆ రెసిడెన్సీలోనే ప్రాణము విడిచినది.

రస్సెల్ ఉద్యోగమును గూర్చియు రెండు మాటలు చెప్పవలెను. ఇది ఉద్యోగుల సభ గనుక. నిజాము సైన్యమును సంస్కరించి 'రస్సెల్ బ్రిగేడు' అనునది ఏర్పరచెను. తరువాతి హైదరాబాదు కంటింజెంటునకు అదియే మూలము. దళములు రెసిడెంటు చెప్పుచేతలలో నుండును. జీతములు నిజాము బొక్కసము చెల్లించవలెను. బొక్కసములో ధనము లేనప్పుడు విలియం పామర్ కంపెనీ అను హైదరాబాదు బ్యాంకు అప్పిచ్చును. వడ్డీ నూటికి ఇరువదినాలుగు, ఇరువదియైదు. స్వదేశ సంస్థానాధీశులకు ఇంగ్లీషువారు అప్పులియ్యరాదని చట్టముండెను. గవర్నరు జనరలు ప్రత్యేకానుమతి నొసగగా ఆ చట్టము అడ్డు రాలేదు. ఆ కంపెనీలో రెసిడెంటునకే గుట్టుగా వాటా యుండెను. ఖర్చును పెంచునతడును, ఆ ఖర్చుకై పుట్టిన అప్పుమీద వడ్డీ తినునతడును ఒక్కడే. దస్త్రములో మాత్రము ప్రతి కాగితమునకును సరియైన అనుమతి యున్నది. జీతపు లెక్కకు అందని సంపదను గూర్చి కంపెనీ డైరెక్టర్లు ఆరాతీయుచుండగా 1820లో ఆయన పదవిని విడిచి స్వదేశము చేరెను. తరువాత వచ్చిన మెట్‌కాఫ్ ఆ వ్యవహారమును బయటబెట్టెను. కొద్దియేండ్లలో బ్యాంకు కూలెను. నిజాము ప్రజల నెత్తిన అప్పు మిగిలెను.

తండ్రి కొన్న స్వాలోఫీల్డును విలియం అట్కిన్‌సన్ అను వాస్తుశిల్పి ఆ కాలపు రుచికి తగినట్లు మార్చి, ఎర్రని ఇటుకగోడలకు గచ్చు పూయించెను. టాల్మన్ చెక్కించిన సొగసైన ద్వారబంధమును తీసి పెరటితోట గోడకు పెట్టిరి. పాత ముఖమును దాచుకొనుట మనుష్యులే కాదు, ఇండ్లును చేయును. 1836లో తండ్రి మరణింపగా, హైదరాబాదు రెసిడెంటు స్వాలోఫీల్డు దొరయయ్యెను. పుదుచ్చేరి ఫ్రెంచి కుటుంబమునకు చెందిన రెండవ భార్యతో, బిడ్డలతో, పుస్తకములతో ప్రశాంత జీవనము. ఆ ఊరనే చివరిరోజులు గడిపి 1855లో మరణించిన రచయిత్రి మేరీ రస్సెల్ మిట్‌ఫర్డ్ కూడ ఆ ఇంటికి ఆప్తురాలు. ఇంటిపేరు కాకున్నను ఆమె పేరులోను రస్సెల్ ఉండుట యాదృచ్ఛికము.

ఆ ఇంట గోడమీద చిన్నరీ చిత్రించిన ఆ ఇద్దరు పిల్లల చిత్రము వ్రేలాడుచుండెను.

ఆ పిల్లల సంగతి యేమైనది? ఇంగ్లండు చేరగానే వారికి కొత్త పేర్లు పెట్టిరి. హైదరాబాదుతో ఉత్తర ప్రత్యుత్తరములు లేకుండ చేసిరి. అన్న 1828లోనే మరణించెను. చెల్లెలు కిట్టీ కర్క్‌పాట్రిక్ అందగత్తెగా పేరుపొందినది. థామస్ కార్లైల్ అను మహారచయిత యౌవనమున ఆమెపై మనసు పడెననియు, ఆయన గ్రంథములోని బ్లూమిన్ అను నాయిక ఆమెయే ననియు చెప్పుదురు. 1829లో ఒక సైనికోద్యోగిని వివాహమాడి గృహిణియైనది. 1841లో, ముప్పదియారేండ్ల తరువాత, హైదరాబాదులో తన అమ్మమ్మ షరఫున్నిసా ఇంకను జీవించియున్నదని తెలిసి ఉత్తరము వ్రాసినది. మేము బయలుదేరిన నాడు అమ్మ కూర్చున్న చోటు, ఆమె ఏడుపు, తన పొడుగాటి జుట్టును పీకికొనుట నేటికిని నా కండ్లకు కట్టియున్నవని ఆ ఉత్తరములో తెలిపినది. అమ్మమ్మ పారసీలో బదులు వ్రాయించి, కూతురి తలవెండ్రుకల పాయ నొకదానిని జాగ్రత్తగా పంపినది. 1847లో ఆ వృద్ధురాలు మరణించువరకు ఉత్తరములు నడచినవి. మనుమరాలు అమ్మమ్మ ముఖము చూడలేదు.

ఆ 1840లలోనే ఒకనాడు కిట్టీ, పరిచయస్థురాలి వెంట స్వాలోఫీల్డుకు అతిథిగా వచ్చినది. మేడమెట్లకడ గోడమీది చిత్రమును చూచినది. అందు తాను. ప్రక్కన అన్న. చూచినదే తడవుగా బోరున ఏడ్చినది.

ఆ చిత్రమును నిత్యము చూచుచు ఆ మెట్లు ఎక్కి దిగిన హెన్రీ రస్సెల్‌కు ఆ కన్నీటి అర్థము ఆమెకంటె ఎక్కువగా తెలిసియుండవలెను. 1852లో ఆయన మరణించినప్పుడు వీలునామాలో ఆ చిత్రమును కిట్టీకి వ్రాసిపెట్టియుండెను. దీనిని కొందరు ఔదార్యమందురు. నేను దానమనజాలను; తిరిగి యిచ్చుట యందును. ఆయన జీవితములో తిరిగి యిచ్చినట్లు నాకు కనబడినది ఆ ఒక్కటియే.

గ్రంథకర్త్రి కాన్‌స్టన్స్ దొరసాని ఈ హెన్రీకి కోడలు. నాలుగవ బారోనెట్టు భార్య. ఆమె బావగారు చార్లెస్ 1854లో ఇన్‌కర్మన్ యుద్ధమున విక్టోరియా క్రాసు పొందిన వీరుడు. కిట్టీని గూర్చి ఈమె మరియొకచోట ఆదరముతోనే వ్రాసినది. ఆమెను నేను తప్పుపట్టను. మామగారి రహస్యములను కోడలు అచ్చువేయించదు. మన ఇండ్లలోను అంతే. యజమానుల వంశవృక్షము ఆమె చేతిలో నిండుగా పెరిగినది. కొల్లూరు కూలివాడు, బందరు బేగము ఆ చెట్టునకు కొమ్మలు కారు.

రస్సెల్ వంశమువారు 1960ల నడుమవరకు ఆ ఇంట నుండిరి. పిమ్మట పాత భవనములను కొని, విశ్రాంత జీవనము గడపు వృద్ధులకు వాటాలుగా అద్దెకిచ్చు ఒక సంఘము దానిని తీసికొనెను. ఆ సంఘమును 2003 ప్రాంతమున ఆర్థికముగా చితికినది. ఇప్పుడు భవనమంతయు సొంత వాటాలుగా విభజింపబడియున్నది. ఒక్క యజమాని యనువాడు లేడు. కొల్లూరు గనుల చోటు పులిచింతల జలాశయపు నీట మునిగినది. పిల్లల చిత్రము సముద్రములు దాటి హాంకాంగులో ఒక పెద్ద బ్యాంకు వారి కళాసంచయమున చేరినది. మన కోఠీ రెసిడెన్సీకి ఇటీవలి సంవత్సరములలో మరమ్మతులు జరిగి, గోపురము క్రింద రంగులు మరల కనబడుచున్నవి; హైదరాబాదు వెళ్ళినప్పుడు తీరిక చేసికొని చూడుడు.

క్రిందటి వేసవి సెలవులలో నేను బందరు వెళ్ళినప్పుడు ఒక సాయంకాలము కోటవైపు నడచితిని. డచ్చివారి సమాధి పలకలమీద పేర్లు, తేదీలు, వంశచిహ్నములు లోతుగా చెక్కబడి నేటికిని చదువుటకు వీలుగా నున్నవి. ఊరిలోనికి తిరిగివచ్చి ఇద్దరు ముగ్గురు పెద్దవారిని అడిగితిని. బేగము ఏ వీథిలో, ఏ ఇంట కాపురముండినదో చెప్పగలవారెవ్వరును నాకు దొరకలేదు.